కలెక్టర్ గారూ, ఆ హైమాస్ట్ లైటుకు ఒక మూత పెట్టించండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలతో,

రాత్రిళ్లు మేడ మీద నుంచి టెలిస్కోప్‌తో నక్షత్రాలు చూస్తుంటాను. చెరువుకట్ట దగ్గర ఎత్తైన స్తంభం మీదున్న హైమాస్ట్ లైటు వెలుగుకు అవి కనబడడం లేదని ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. ఆ సంగతి తమకు తెలిసిందే, మళ్లీ మొదటి నుంచీ చెప్పను. మొన్న రాత్రి “మీ అర్జీ పరిష్కరించబడినది” అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. సంతోషంగా మేడెక్కాను. లైటు అట్లాగే వెలుగుతోంది. వేపకొమ్మల నీడ నా టెలిస్కోప్ గొట్టం మీద ఆకు ఆకుగా కనబడుతోంది. ఏం పరిష్కరించారు సార్?

నేను చూసేది ఏఎం హెర్క్యులిస్ అనే జంట నక్షత్రాన్ని. వేసవిలో తెల్లవారుజామున అభిజిత్ (వేగా) నక్షత్రానికి ఉత్తరంగా ఉంటుంది. ఒకటి శ్వేత కుబ్జ తార, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తెల్లటి నక్షత్రం, రెండోది చిన్న ఎర్ర నక్షత్రం. 3 గంటల 6 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఎర్రదాని వాయువును తెల్లది లాక్కుంటుంది. అయస్కాంత బలాన్ని గాస్‌లలో కొలుస్తారు; భూమి అయస్కాంత క్షేత్రం అర గాస్ అయితే ఆ తెల్లదానిది కోటికి పైమాటే. అందుకే ఆ వాయువు చుట్టూ పళ్లెంలా పరుచుకోలేక నేరుగా దాని అయస్కాంత ధ్రువాల మీద కురుస్తుంది. ఒక్కోసారి ఆ ధార నెలల తరబడి ఆగిపోతుంది. ఎప్పుడు ఆగేదీ ఎవరూ ముందుగా చెప్పలేరు. నక్షత్రాల వెలుగు కొలత మాగ్నిట్యూడ్, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ. అప్పుడు 13 మాగ్నిట్యూడ్ దగ్గరుండే నక్షత్రం 15కు దిగిపోతుంది, వెలుగు ఆరో వంతే మిగులుతుంది. శాస్త్రవేత్తలు ఎదురుచూసేది ఆ రోజుల కోసమే. నా 8 అంగుళాల టెలిస్కోప్‌కు ఈ లైటు కింద కనబడకుండా పోయేదీ ఆ రోజుల్లోనే!

మా వెలుగు కొలతలు అమెరికాలో 1911లో మొదలైన ఏఏవీఎస్‌ఓ అనే, వెలుగు మారే నక్షత్రాలను గమనించేవాళ్ల సంఘానికి పంపుతాం. మనకు తెల్లవారుజాము మూడైతే వాళ్లకు ఇంకా పగలే. ఇక్కడ మేం చూడకపోతే ఆ గంటలు ఖాళీగా ఉండిపోతాయి, మళ్లీ రావు.

నాన్న గొంగడిని రెండు వెదురు కర్రలకు కట్టి అడ్డం పెట్టాను. గాలికి రెండుసార్లు కెమెరా మీద పడింది. పడకపోయినా ప్రయోజనం లేదు, పైన ఆకాశమే తెల్లబడిపోయింది. ఒక్క రాత్రి మాత్రం లైన్‌మన్ అన్న దయతలచి ఒంటిగంటకు బంద్ చేశాడు. నాలుగున్నర దాకా నిమిషానికో ఫొటో, ఎక్కడా తెగకుండా పూర్తి చుట్టు దొరికింది. కంప్యూటర్ మీద ఆ నక్షత్రం వెలుగు గీత పైకి లేస్తూ కిందికి దిగుతూ గీసుకుంటుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మర్నాడు ఆయన్ను పైవాళ్లు మందలించారట. నా వల్ల ఆయనకు మాట పడింది.

లైటు తీసేయమనడం లేదు సార్. ఆఖరి బస్సు పదిన్నరకు, దిగేవాళ్లకు వెలుగుండాలి. కరెంటొచ్చే వేళకు మోటారు వేయడానికి మా అమ్మ కూడా ఆ కట్ట మీదే నడుస్తుంది. వెలుగు నేల మీదే పడేలా పైన రేకు మూత, ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా ఆగేలా టైమర్, అంతే. టైమర్ పెట్టిస్తామని ఏఈ గారు సంక్రాంతికి ముందు మాటిచ్చారు. ఉగాది కూడా వెళ్లిపోయింది. లద్దాఖ్‌లోని హాన్లేలో 2022లో చీకటి ఆకాశం కోసం పెద్ద ప్రాంతాన్నే కేటాయించారు. మేం అడిగేది ఒక్క మూత. రేకు ఖర్చు నేనే పెట్టుకుంటాను, అనుమతి ఇప్పించండి.

మే దాటితే వానలు. ఈ అమావాస్యకన్నా ముందే ఎవరినైనా పంపండి సార్, చేతులెత్తి మొక్కుతున్నాను.

ఇట్లు,
చెరువుకట్ట పక్క డాబా ఇంటి అర్జీదారు