కిరాణా సరుకుల మీద వచ్చే మైళ్లకు గడువు పెట్టే హక్కు ఎవరిచ్చారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పండగలు వస్తున్నాయంటే పత్రికల మొదటి పేజీ సూపర్ మార్కెట్లదే. ఫలానా నూనె డబ్బాలు రెండు కొంటే పాయింట్లు రెట్టింపు, ఫలానా కార్డు మీద నెల సరుకులు తీసుకుంటే విమాన మైళ్లు (కూడబెట్టి విమాన టికెట్లకు వాడుకునే పాయింట్లు) అని పెద్ద పెద్ద అక్షరాలతో వేస్తారు. పక్కన ఒక చుక్క గుర్తు ఉంటుంది. అదేమిటా అని వెతికితే పేజీ అడుగున, భూతద్దానికి కూడా అందని ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు వరుసలు. పాయింట్లకు గడువు ఉంటుందనీ, వాటిని ఎప్పుడైనా మార్చే, రద్దు చేసే హక్కు కంపెనీదేననీ వాటి సారాంశం. నా ఫిర్యాదు ఆ నాలుగు వరుసల మీదే.

ఈ మధ్య మా కోడలు సరుకుల బిల్లులో పాయింట్లు తగ్గించమని అడిగితే, కౌంటర్లో కుర్రాడు "మేడమ్, ఎక్స్‌పైర్ అయిపోయినట్టు చూపిస్తోంది, మా చేతుల్లో ఏం లేదు" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టడానికేం లేదు. "పోనీలెండి, ఊరికే వచ్చినవేగా" అని మా ఇంట్లోనే అన్నారు. నాకు మాత్రం మింగుడు పడలేదు. ఉద్యోగమంతా కంపెనీల ఖాతాలు తనిఖీ చేస్తూ గడిపినవాణ్ని, ఆ పాయింట్లు ఊరికే రాలేదని నాకు తెలుసు.

2018 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో పెద్ద కంపెనీలు పాటించాల్సిన ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం ఉంది. దుకాణం సరుకుతో పాటు తన సొంత పాయింట్లు ఇస్తే, కొన్నవాళ్లు కట్టిన డబ్బులో కొంత భాగం ఆ పాయింట్ల కోసం కట్టినట్టే. ఆ భాగాన్ని వెంటనే ఆదాయంగా రాసుకోకూడదు. ఖాతాదారులకు ఇంకా తీర్చాల్సిన బాకీగా చూపాలి. పాయింట్లు వాడుకున్నప్పుడో, గడువు తీరిపోయినప్పుడో మాత్రమే అది ఆదాయంలోకి పోతుంది. జనం ఎలాగూ వాడరని ముందే అంచనా వేసే వాటాను ఆ రంగంలో బ్రేకేజ్ అంటారు. అంటే పుస్తకాల్లో మనకు బాకీ ఉన్నామని రాసుకుంటారు, షరతుల్లో మాత్రం ఈ పాయింట్లకు నగదు విలువ లేదు, ఇవి మా సొత్తు అని రాస్తారు. ఈ రెండూ ఒకే కంపెనీ కాగితాలు! చిట్టీ డబ్బు కట్టించుకున్న పెద్దమనిషి, మీరు పాట ఆలస్యంగా పాడారు కాబట్టి మీ సొమ్ము నాకే చెల్లిపోయింది అంటే ఊరుకుంటామా?

విమాన మైళ్ల సంగతి ఇంకా ముదిరింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో ఆడ్వాంటేజ్ పథకం మొదలుపెట్టినప్పుడు అది తరచూ ఎగిరేవాళ్లను నిలుపుకునే ఉపాయం. తర్వాత్తర్వాత విమాన సంస్థలు మైళ్లను బ్యాంకులకు, హోటళ్లకు, తిండి సరుకుల కంపెనీలకు అమ్మడం మొదలుపెట్టాయి. డబ్బు ముందే చేతికొస్తుంది, సీటు ఎప్పుడో ఇస్తే సరి. ఆ వ్యాపారం ఎంత ఎదిగిందంటే, 2021లో అదే సంస్థ ఆ మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టి 1000 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. తాకట్టు పెట్టడానికి విలువ ఉన్నది, మన ఖాతాలో పడేసరికి విలువ లేనిది ఎలా అవుతుంది?

మైళ్ల మాటెత్తితే చాలామంది అమెరికా పుడ్డింగ్ కథ చెప్పి నవ్వుతారు. 1999లో హెల్తీ చాయిస్ అనే ఆహార పదార్థాల బ్రాండు తన సరుకుల బార్‌కోడ్‌లు పది పంపితే 500 మైళ్లు, మే నెలాఖరులోగా పంపితే 1000 అని ప్రకటించింది. కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజినీరు, ఒక చవక దుకాణంలో అదే బ్రాండు పుడ్డింగ్ కప్పు 25 సెంట్లకే దొరుకుతోందని చూసి 12,000కు పైగా కొన్నాడు. లేబుళ్లు ఒలవడం ఇంటిల్లిపాదికీ తలకు మించిన పని కావడంతో, పుడ్డింగంతా సాల్వేషన్ ఆర్మీ అనే సేవా సంస్థకు దానమిచ్చి వాళ్ల చేత ఒలిపించుకున్నాడు. సుమారు 3,000 డాలర్ల ఖర్చుతో 12 లక్షలకు పైగా మైళ్లు దక్కాయి. అందరూ ఆయన తెలివిని మెచ్చుకుంటారు. నాకు నచ్చింది ఇంకొకటి: షరతు స్పష్టంగా ఉంది, కంపెనీ నోరు మూసుకుని ఇచ్చింది.

మాట నిలబెట్టుకోలేనివాళ్లూ ఉన్నారు. 1992లో బ్రిటన్‌లో వాక్యూమ్ క్లీనర్లు చేసే హూవర్ కంపెనీ 100 పౌండ్ల సామాను కొంటే రెండు విమాన టికెట్లు అంది, మొదట యూరప్‌కి, ఆ తర్వాత అమెరికాకి కూడా. అందరూ అడగరులే అన్న ధీమా. జనం ఎగబడ్డారు. దాదాపు 5 కోట్ల పౌండ్లు నష్టం, ఏళ్లతరబడి కోర్టు కేసులు, ఈలోగా ఆ కంపెనీ యూరప్ వ్యాపారమే అమ్ముడైపోయింది.

మనం నేర్చుకోవాల్సింది మాత్రం కెనడా నుంచి. అక్కడి ఎయిర్ మైల్స్ కార్డు సరుకుల దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో ఏళ్లతరబడి నడిచింది. ఫలానా సరుకు రెండు తీసుకుంటే ఇన్ని మైళ్లు అని అరల మీదే రాసి ఉండేది. టొరంటో చుట్టుపక్కల మన తెలుగువాళ్ల పర్సుల్లోనూ ఆ కార్డు ఉండేది. ఆ పథకం నడిపే సంస్థ, ఐదేళ్లు దాటిన మైళ్లు 2016 డిసెంబరు 31తో రద్దవడం మొదలవుతుందని చెప్పింది. ఆ ఏడాది చివర్లో ఫోన్లు కలవక, కోరుకున్న టికెట్లు దొరక్క జనం గగ్గోలు పెట్టారు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర శాసనసభలో ఆర్థర్ పాట్స్ అనే సభ్యుడు ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. డిసెంబరు మొదట్లో కంపెనీయే వెనక్కి తగ్గి గడువు రద్దు చేసింది. పోతాయేమోనన్న భయంతో అప్పటికే అక్కర్లేని వస్తువులు తీసేసుకున్నవాళ్లు లబోదిబోమన్నారు, అది వేరే సంగతి. కంపెనీ దారికొచ్చిందిలే అని శాసనసభ ఊరుకోలేదు. అదే నెలలో బిల్లు చట్టమైంది. కేవలం కాలం గడిచిందన్న కారణంతో పాయింట్లు రద్దు చేయకూడదని దాని సారం. ఆ చట్టం వల్ల ఏ వ్యాపారమైనా మూతపడిందని నేను వినలేదు.

మన దగ్గర ఇలాంటి చట్టం లేదు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయినప్పుడు దాని మైళ్లు మిగలడానికి కారణం ఆ పథకం వేరే కంపెనీ పేరు మీద ఉండటమే. 2024 నవంబరులో విస్తారా విమాన సంస్థ ఎయిరిండియాలో విలీనమైనప్పుడు దాని పాయింట్లు ఎయిరిండియాకు బదిలీ అయ్యాయి, మంచిదే. రెండుసార్లూ మనల్ని కాపాడింది చట్టం కాదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అన్న నిర్వచనం ఉంది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని తెంచుకునే వీలు కల్పించడం కూడా అందులోకి వస్తుంది. కానీ ఆ ఫిర్యాదు జిల్లా కమిషన్ తీసుకోదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. మూడు వందల రూపాయల పాయింట్ల కోసం ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎవరు వెళ్తారు? కంపెనీల ధైర్యమూ అదే.

ఇంకో మాట. సబ్బుల కంపెనీ మైళ్ల కోసం పెట్టే ఖర్చు సబ్బు ధరలోంచే రావాలి. కార్డూ యాప్ లేకుండా వీధి కొట్లో అదే సబ్బు కొనే మనిషీ అదే ఎమ్మార్పీ కడుతుంది. ఆమె ఏ విమానమూ ఎక్కదు. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు గానీ, ఊరికే ఇస్తున్నాం అనేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే బాగుండు.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022లో, వెబ్‌సైట్లలో, యాప్‌లలో చేసే మాయల మీద 2023లో మార్గదర్శకాలు తెచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, పాయింట్ల మీద కూడా తేవచ్చు. నమూనా మన దగ్గరే ఉంది. మొబైల్ వాలెట్‌లో వేసుకున్న డబ్బు కనీసం ఏడాది చెల్లాలని, గడువు ముగిసే ముందు 45 రోజుల వ్యవధిలో ఖాతాదారుణ్ని హెచ్చరించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. పాయింట్లకు, మైళ్లకు కనీసం అంతటి రక్షణ ఇవ్వాలి. ఖాతా వాడుకలో ఉన్నంతకాలం గడువు పేరుతో కోత పెట్టకూడదు. పథకం మూసేస్తే మిగిలినవి వాడుకోవడానికి తగినంత వ్యవధి ఇవ్వాలి. రెండు రాష్ట్రాల పౌరసరఫరాల మంత్రులు ఈ మేరకు కేంద్రానికి రాయాలని కోరుతున్నాను.

మీకూ ఒక విన్నపం. 2022 మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలో మాట ఏ భాషలో ఉంటే దాని షరతూ అదే భాషలో, అదే ఫాంటులో ఉండాలి. ఈ దసరాకు మొదటి పేజీ అమ్ముకునే ముందు మీ ప్రకటనల విభాగం ఆ చుక్క గుర్తు కింద ఏముందో ఒకసారి చూస్తే, నాలాంటి పాఠకులకు కొంత పని తగ్గుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆడిటర్,
హనుమకొండ