నీకొక్కడికే గుర్తున్న ఆపరేషన్

అంబాజీపేట,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ సూర్యం,

నీకు ఉత్తరం రాసి నాలుగు నెలలైంది. తిట్టు, పడతాను. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు చేసేది సరిగ్గా నేను కొట్లో ఉండే వేళకి. కాయలు వలిచేవాళ్ళు, లెక్కపెట్టేవాళ్ళు, చుట్టూ పదిమంది ఉంటారు. ఇవాళ మీ బావమరిది కువైట్ బయలుదేరుతున్నాడని ఇందాకే కబురొచ్చింది. పచ్చడి సీసాలు, పూతరేకుల డబ్బాతో పాటు ఇదీ అతని చేతికిస్తాను. గదిలో ఒక్కడివే ఉన్నప్పుడు విప్పు.

ముందు ఊరి సంగతులు గబగబా. మీ నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది, సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తున్నారు. కనుమకి జగ్గన్నతోట తీర్థం బ్రహ్మాండంగా జరిగింది, ప్రభ కౌశిక దాటుతుంటే నీ వంతు కేక కూడా నేనే వేశాను. దాళ్వా నాట్లు అయిపోయాయి. కాయ ధర పర్వాలేదు. బాల్చీ మాస్టారు రిటైరయ్యారు. మిగతావి మీ బావమరిది చెబుతాడు.

ఇక అసలు సంగతి. మాకు పిల్లలు ఎందుకు పుట్టలేదో తెలిసిందిరా. పద్మలో ఏ లోపమూ లేదు. నాలో ఉంది.

పెళ్ళయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో పద్మకి తీయని స్కానింగ్ లేదు. నాళాలు తెరుచుకున్నాయో లేదో చూడాలని రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసిన రోజు, కారులో కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. అమ్మ వాడపల్లిలో ఏడు శనివారాలు మొక్కించింది, షష్ఠికి బిక్కవోలు తీసుకెళ్ళి గుడి వెనకాల నిద్ర చేయించింది. దేనికీ పద్మ ఎదురు చెప్పలేదు. "ఏమండీ, మీరో పరీక్ష చేయించుకున్నారా?" అని నన్ను మాత్రం ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకూ తట్టలేదు. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుందట. నీకు తెలుసా ఈ మాట? నాకు తెలీదు. బయటికి అంతా మామూలుగా ఉంటే లోపలా మామూలే అనుకుంటాం కదా. అదే తప్పు. వీర్యంలో ఎక్కువ భాగం వేరే గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. వీర్యకణం ఒక్కటి కూడా లేకపోయినా కంటికి తేడా కనపడదు.

కిందటి శ్రావణంలో ఒక డాక్టరు నన్నూ పరీక్ష చేయించుకోమన్నారు. ఆయన పేరు, ఊరు వద్దులే. ల్యాబులో గడియ సరిగా పడని బాత్రూమ్, చేతిలో ప్లాస్టిక్ కప్పు. మర్నాడు ఒక్క లైను రిపోర్టు: కణాలు నిల్. డాక్టరు రెండు నిమిషాలు కాగితం చూసి, వృషణంలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే తప్ప తెలీదన్నారు, సోమవారం రమ్మన్నారు. వస్తూ వస్తూ జొన్నాడ వంతెన మీద, మన మూడో దీపస్తంభం దగ్గర బండి ఆపేశాను. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. నువ్వుంటే బావుండేదిరా.

ఇంటికొచ్చి పద్మకి కాగితం ఇచ్చాను. చదివింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "కొయ్యడం ఎక్కడికీ పోదు, ముందు ఇంకొకరికి చూపిద్దాం" అంది. అలా కాకినాడ వెళ్ళాం.

అక్కడి డాక్టరుగారు కాగితం పక్కన పెట్టేసి ముందు నన్ను చూశారు. ఆయన దగ్గర జపమాలలాంటి ఒక దండ ఉంది. గుడ్డు ఆకారంలో పూసలు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. ఒక చేత్తో వృషణాన్ని, రెండో చేత్తో పూసల్ని తడుముతూ సైజు పోల్చారు. 20 దగ్గర ఆగారు. "సైజు బాగుందండి" అన్నారు. వీర్యనాళాలు రెండు వైపులా వేళ్ళకి తగులుతున్నాయని రాసుకున్నారు. బోదకాలు జ్వరం ఎప్పుడైనా వచ్చిందా అని కూడా అడిగారు, మన ప్రాంతం కదా. రాత్రిపూట లాంతరు పట్టుకుని రక్తం తీయడానికి వచ్చేవాళ్ళు, నువ్వు గడ్డివాము వెనక దాక్కునేవాడివి, అదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. తర్వాత నా గజ్జల దగ్గర రెండు వైపులా సన్నటి గీతలు చూసి, "ఇవేంటండీ?" అన్నారు.

సూర్యం, నాకు నోట మాట రాలేదు.

నాలుగో తరగతిలో హెర్నియా ఆపరేషన్. రెండు వైపులా. క్లాసులో ఎవరికీ తెలియకూడదని నేను ఏడిస్తే, వాడు రాజమండ్రి వంతెన చూడ్డానికెళ్ళాడు అని చెప్పావు నువ్వు. ఎంత బాగా చెప్పావంటే చివరికి నేనే నమ్మేశాను. ఆరేళ్ళలో ఏ డాక్టరు అడిగినా, చిన్నప్పుడు ఆపరేషన్లేమీ లేవనే చెప్పేవాణ్ణేమో.

ఆయన మాత్రం ఆ గీతల్ని చూసి తొందరపడలేదు. మళ్ళీ శాంపిల్ అడిగారు, సున్నా అనే మాట ఒక్క శాంపిల్‌తో అనకూడదట. రెండు రోజులకి తగ్గకుండా, ఏడు రోజులు దాటకుండా ఆగి ఇవ్వాలి. ల్యాబ్ కుర్రాడు కప్పు ఇస్తూ, "ఆయ్, అంతా ఇందులోనే పడాలండి. చుక్క బయట పడ్డా చెప్పెయ్యండి, లెక్క తప్పుతుంది" అన్నాడు. కప్పు బరువు తూచి పరిమాణం కట్టాడు. అరగంట ఆగి, పలచబడ్డాక అద్దం మీద చుక్క వేసి మైక్రోస్కోపులో చూశాడు. ఏమీ లేవు. అంతటితో ఆపలేదు. మిగిలినదాన్ని సెంట్రిఫ్యూజ్‌లో పావుగంట తిప్పి, అడుగున పేరుకున్నది మళ్ళీ చూశాడు. మొదటి చోట ఈ పని చేసినట్టు రిపోర్టులో లేదు. నేనూ చూస్తానని అడిగాను. కళ్ళు పెట్టి చూస్తే తెల్లటి వెలుగులో అక్కడక్కడ రెండు మూడు గుండ్రటి మచ్చలు, కదిలేది ఒక్కటీ లేదు. ఆ వెలుగు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం మిల్లీలీటరుకి 1 కోటి 60 లక్షల కణాలు కింది హద్దు. నాకు ఒక్కటి కూడా లేదు.

వారం తర్వాత మిగతా రిపోర్టులు వచ్చాయి. ఆ గంటసేపు డాక్టరుగారు చెప్పింది నీకు పూర్తిగా చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మన శివారు చేలకి నీళ్ళు రాకపోతే ఏం చేస్తాం? గోదావరి ఎండిపోయిందా, తూములో గుర్రపుడెక్క అడ్డం పడిందా అని చూస్తాం. దానికోసం ధవళేశ్వరం ఆనకట్ట తవ్వం కదా. కాలవలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గట్టు వెంబడి నడిచి చూసుకుంటూ పోతే తెలిసిపోతుంది. వీర్యం కూడా అంతేనట. దారిలో ఒక్కో చోట ఒక్కో పదార్థం వచ్చి కలుస్తుంది. ఏది ఉంది, ఏది లేదు అని చూస్తే అడ్డం ఎక్కడుందో చెప్పొచ్చు.

నా పరిమాణం 2.8 మిల్లీలీటర్లు, కింది హద్దు 1.4. ఫ్రక్టోజ్ అనే చక్కెర ఉంది. అది సెమినల్ వెసికిల్స్ అనే సంచుల నుంచి వస్తుంది, అంటే చివరి దారి తెరిచే ఉంది. పుట్టుకతోనే వీర్యనాళాలు లేనివాళ్ళకి ఈ చక్కెర సాధారణంగా కనపడదు, ద్రవమూ తక్కువే, పుల్లగా ఆమ్లగుణంతో ఉంటుంది. ఇక వృషణం పక్కనే కణాలు ముదిరే గొట్టం ఉంటుంది, ఎపిడిడిమిస్ అంటారు. అక్కడి నుంచి వచ్చే ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైము మొత్తం శాంపిల్‌లో కనీసం 20 మిల్లీయూనిట్లు ఉండాలి. నాకు 7. అంటే ఆ గొట్టానికీ ఈ సంచులకీ మధ్య ఎక్కడో దారి మూసుకుపోయింది. మధ్యలో ఉన్నది వీర్యనాళమే. అది గజ్జల్లోంచే పోతుంది. నా గీతలున్నది అక్కడే.

రక్తంలో ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోను కూడా చూశారు. లోపల కణాలు తయారవకపోతే మెదడు గట్టిగా పురమాయిస్తుంది, ఆ హార్మోను పెరుగుతుంది. అది 7.6 దాటి, వృషణం పొడవు 4.6 సెంటీమీటర్లకన్నా తగ్గితే తయారీలోనే లోపం అని అనుమానిస్తారట. నా ఎఫ్.ఎస్.హెచ్. 3.9. పొడవూ బాగానే ఉంది. "లోపల పంట పండుతోందండి, దారే లేదు" అన్నారు డాక్టరుగారు. ఆ మాటకి పద్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఇంకా వదల్లేదేమో అనిపిస్తోంది ఇప్పటికీ.

మరి ఇంత తెలుస్తున్నప్పుడు ఆ మొదటి డాక్టరు చెప్పిన కోత ఎందుకు అని అడిగాను. కొయ్యకుండా ఇంకా కచ్చితంగా చెప్పే గుర్తుల కోసం చాలామంది వెతుకుతున్నారట. 2013లో టొరంటో వాళ్ళు వీర్యద్రవంలోనే రెండు ప్రోటీన్లు పట్టుకున్నారు. ఇ.సి.ఎం.1 ఎపిడిడిమిస్‌ది, అది తగ్గితే దారి మూసుకుందని. టెక్స్ 101 వృషణంలో తయారయ్యే కణాలది, దారి తెరిచే ఉండి కూడా కణాలు లేకపోతే, తయారీ ఎంతవరకు సాగుతోందో అది చెబుతుంది. మన ల్యాబుల్లో ఇంకా మామూలుగా చేసే పరీక్షలు కావు. ఒక కప్పులో ఇంత సమాచారం ఉంటే పద్మని ఆరేళ్ళు ఎందుకు... సరే, ఆ మాట మొదలుపెడితే ఆగను.

వెయిటింగ్ హాల్లో తణుకు వైపు కుర్రాడు ఒకడు కలిశాడు. అతనికీ సున్నానే, కానీ ఎఫ్.ఎస్.హెచ్. 20 దాటింది. రక్తం తీసి క్రోమోజోముల పరీక్షకీ, వై క్రోమోజోములో ముక్కలు ఎగిరిపోయాయేమో చూడ్డానికీ పంపారు. మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనశాల వాళ్ళు కూడా దీని మీద చాలా పని చేశారట. అందులో కొన్ని ముక్కలు పూర్తిగా లేకపోతే వృషణం కోసి వెతికినా కణాలు దొరకవు, ఆ కోత అనవసరం అని రక్తమే చెప్పేస్తుంది. నేను సంతోషంగా బయటికొచ్చేసరికి అతను ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నా ముఖం చూసి, "మంచి కబురా అన్నయ్యా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు. నంబరు తీసుకున్నాను. రిపోర్టు ఇంకా రాలేదట.

అమ్మకి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది. అంతా చెప్పాను, ఆపరేషన్ సంగతితో సహా. చేతులు ఆగిపోయాయి. "ఆ ఆపరేషన్ ఆలస్యం చెయ్యొద్దని మీ నాన్నని పోరిందాన్ని నేనేరా" అంది. అది చెయ్యాల్సిందేనమ్మా, చెయ్యకపోతే ప్రాణం మీదకి వచ్చేదని డాక్టరుగారే చెప్పారన్నాను. విన్నదో లేదో. చాలాసేపటికి లేచి లోపలికెళ్ళింది. ఆ రాత్రి పద్మకి తనే అన్నం పెట్టింది, పక్కన కూర్చుని. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. మర్నాటి నుంచి మొక్కుల మాట మా ఇంట్లో లేదు.

ఇప్పుడు రెండు దారులున్నాయి. మైక్రోస్కోపు కింద నాళాన్ని మళ్ళీ కలపడం ఒకటి. చిన్నప్పుడు తెగిన చివరలు ఎక్కడికి ముడుచుకుపోయాయో చెప్పలేం కాబట్టి కష్టమేనన్నారు. రెండోది సూదితో కణాలు తీసి, 1992లో మొదటిసారి పిల్లలు పుట్టిన ఆ ఇక్సీ పద్ధతిలో ఒక్కో గుడ్డులో ఒక్కో కణం ఎక్కించడం. దానికి మళ్ళీ పద్మకే ఇంజెక్షన్లు. అదే నా బాధ. తను మాత్రం ఎప్పుడో తేల్చుకుంది, నేనే ఇంకా

అదిగో ఆటో హారన్. మీ బావమరిది వచ్చేశాడు. ఒరేయ్, ఒక్క పని. నన్ను అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళింది మా నాన్నా, మీ నాన్నగారూ. అమ్మ చంటి చెల్లితో ఇంట్లో ఉండిపోయింది, ఏ ఆసుపత్రో తనకి తెలీదు. డాక్టరుగారు ఆ పాత కాగితం దొరుకుతుందేమో చూడమన్నారు. మీ నాన్నగారి ముందుకెళ్ళి అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు మాటల్లో మాటగా అడిగి చెప్పు. ఈ వారంలోనే. కవరు అంటించాలి, జిగురు సీసా ఎక్కడ పెట్టానో

నీ రాంబాబు