లెబనాన్ వాళ్ల మాట

అందరికీ నమస్కారం. లెబనాన్ భాష అంటే అరబ్బీయేనా అని నిన్న ఒకరు అడిగారు కదా. జవాబు కాస్త పెద్దదైంది, ఓపిక పట్టండి.

పుస్తకాల్లో, వార్తల్లో ఉండేది ప్రామాణిక అరబ్బీ. ఇంట్లో, బజార్లో మాట్లాడేది లెబనీస్ అరబ్బీ. దాని అడుగున అరమాయిక్ ఉంది, అంటే అరబ్బీకి ముందు అక్కడ మాట్లాడిన పాత భాష. 'కఫర్'తో మొదలయ్యే ఊళ్లు అక్కడ బోలెడు, ఆ మాటకు అర్థమే ఊరు. అక్కడి మారోనైట్ క్రైస్తవుల ప్రార్థనల్లో సిరియాక్, అంటే అరమాయిక్‌లోనే ఒక రూపం, ఇప్పటికీ వినిపిస్తుంది. 1610లో లెబనాన్‌లోని ఖోజాయా మఠంలో అచ్చయిన కీర్తనల గ్రంథంలో సిరియాక్ పక్కనే అరబ్బీ ఉంటుంది. తమాషా ఏంటంటే, ఆ అరబ్బీని కూడా సిరియాక్ లిపిలోనే అచ్చువేశారు!

1943లో ఫ్రెంచి పాలన నుంచి స్వాతంత్ర్యం వచ్చింది గానీ ఫ్రెంచివాళ్ల 'మెర్సీ' (థాంక్స్) మాత్రం పోలేదు. 'హాయ్, కీఫక్, సావా?' అంటూ ఒకే పలకరింపులో ఇంగ్లీషు, అరబ్బీ, ఫ్రెంచి మూడు భాషలు కలపడం బేరూత్ వాళ్లు తమ మీద తామే వేసుకునే జోకు. టమాటాని 'బనదూరా' అంటారు, అది ఇటాలియన్ నుంచి వచ్చిన మాట.

ఫోన్లో అరబ్బీని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, అచ్చం మనలాగే. ఇంగ్లీషులో లేని ధ్వనులకు అంకెలు వాడతారు: 'అయిన్' అనే అరబ్బీ అక్షరానికి 3, గొంతులోంచి వచ్చే 'హ'కు 7. ఒకప్పుడు అక్కడ ఉండి గ్రీకులకు అక్షరాలిచ్చిన ఫినీషియన్ల గడ్డ మీద ఈ పని! నాకైతే ముచ్చటగానే ఉంది.