మే నెలలో ఎడారికి

గుంటూరు

ఒరేయ్ రంగా,

నీ ఉత్తరం అందింది. "గుంటూరు ఎండ చాలలేదా, ముసలావిణ్ణి కూడా తీసుకుని రాజస్థాన్ ఎడారికి పోయావు" అని తిట్టావు, మీరైతే డిసెంబర్లోనే వెళ్తామనీ రాశావు. తిట్టు, పర్లేదు. మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చేదే మే నెలలో. పిల్లల బడికీ అప్పుడే. కొత్త సరుకు దిగే రోజుల్లో ఊరెళ్తానంటే మా యజమాని నన్ను మిర్చి బస్తాలతో పాటు తూకమేసి పంపించేస్తాడు. పైగా మా బావమరిది జోధ్‌పూర్‌లో ఉద్యోగం, సొంత కారు, సొంత డ్రైవింగు. ఇంక ఎప్పుడు వెళ్ళమంటావు?

వెళ్ళొచ్చాక మాత్రం నా మాట ఒక్కటే: ఎడారిని చూడాల్సింది ఎండాకాలంలోనే. చలికాలంలో వెళ్తే నీకు కనపడేది టూరిస్టులు.

మన ఎండ వేరు, వాళ్ళ ఎండ వేరురా. ఇక్కడ 42 అంటే చొక్కా వీపుకి అంటుకుపోతుంది, ఫ్యాను కింద కూర్చున్నా జిడ్డు వదలదు. అక్కడ 45 దాటినా ఒళ్ళు పొడిగానే ఉంటుంది. చెమట పట్టక కాదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చెమట కనపడదు కాబట్టి నీళ్ళు తాగాలన్న ధ్యాస ఉండదు, అదే ప్రమాదం. మా వాడు గంటకోసారి కారు ఆపి, దాహం ఉన్నా లేకపోయినా అందరిచేతా ఉప్పేసిన మజ్జిగ తాగించాడు. అమ్మ మొదటిరోజు విసుక్కుంది, మర్నాటికి తనే అడిగి పుచ్చుకుంది. పెదాలు మాత్రం అందరికీ పగిలాయి.

కూలర్ సంగతి చెప్తే నమ్మవు. మన ఇళ్ళలో కూలర్ పెడితే కాసేపటికి గది ఆవిరి గదవుతుంది కదా. అక్కడి గాల్లో తేమ లేదు కాబట్టి గడ్డి మీద నీళ్ళు చకచకా ఆవిరై, వచ్చే గాలి నిజంగా చల్లగా ఉంటుంది. జైసల్మేర్‌లో మేం దిగిన చోట ఏసీ గది ఇస్తామన్నా వద్దని కూలర్ గదే తీసుకున్నాం. రాత్రి మేడ మీదికి వెళ్తే, పక్క మేడల మీద కుటుంబాలకి కుటుంబాలే పక్కలేసుకుని పడుకున్నారు. చిన్నప్పుడు బ్రాడీపేటలో మీ డాబా మీద మనం పడుకున్నట్టే. మనకది ఎప్పుడు పోయిందో గుర్తు లేదు, వాళ్ళకింకా ఉంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరడం, పదకొండు లోపల ఎక్కడో ఒకచోట నీడపట్టున చేరడం, మళ్ళీ సాయంత్రం ఐదు దాటాక కదలడం, ఇదీ మా పద్ధతి. దేశానికి పడమటి కొస కదా, ఏడున్నర దాటితేగానీ పొద్దు గూకదు. పిల్లలకి ఎంత ఆడుకున్నా సాయంత్రం అయిపోలేదు.

జోధ్‌పూర్‌లో కోట చూశాం, బ్రహ్మాండంగా ఉంది, ఫొటోలు మీ అబ్బాయికి పంపాను. నేనైతే బజార్లో మథానియా మిరప దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. యార్డు వాడి బుద్ధి, చేత్తో నలిపి వాసన చూడకుండా కదలలేను. రంగు భేషుగ్గా ఉంది, ఘాటు మాత్రం మన తేజ దగ్గర నిలబడదు. ఆ ఊరి మిర్చీ వడ అంటే లావు మిరపకాయలో బంగాళదుంప కూరి, పిండిలో ముంచి వేయించేది. "బజ్జీలో కూర దాచుకున్నారు" అంది అమ్మ. రెండు తింది.

జోధ్‌పూర్‌కి కాస్త దూరంలో ఖేజడ్లీ అని ఓ పల్లె. 1730లో రాజుగారి మనుషులు కోట పనుల కోసం చెట్లు కొట్టడానికొస్తే, పచ్చని చెట్టు నరకడం పాపమనుకునే బిష్ణోయీల్లో అమృతాదేవి అనే ఆవిడ చెట్టుని కావలించుకుని ప్రాణమిచ్చింది. ఆవిడ వెనకే ఒక్కొక్కరూ వచ్చి మొత్తం 363 మంది చనిపోయారు. ఇంతకీ ఆ చెట్టేమిటనుకున్నావు, మన జమ్మి! దసరాకి మనం చుట్టూ తిరిగే జమ్మే. ఆ పొడి నేలలో, వాన ముఖం చూడని మే నెలలో, పచ్చగా చిగురేసి ఉంది. వేరు ఎంతో లోతుకి దిగుతుందట. ఆకు మేకలకి, నీడ చేలకి, కాయ మనుషులకి. ఆ లేతకాయల్నే సంగ్రీ అంటారు, కేర్ అనే ముళ్ళపొద కాయలతో కలిపి కూర వండుతారు. కాయ దిగేదీ ఎండాకాలంలోనే. మిగతా ఏడాదంతా ఎండబెట్టిందే గతి, మేం మాత్రం పచ్చివి తిన్నాం. "పాండవులు ఆయుధాలు దాచుకున్న చెట్టురా, కాయలు కూరొండుతారా" అని అమ్మ ముందు చెంపలేసుకుంది. తర్వాత వంటావిడ దగ్గర కూర్చుని, చేతిసైగలతోనే వండే విధానం మొత్తం రాబట్టింది.

దారిలో ఫలోదీ తగిలింది. 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైన ఊరు. మన రెంటచింతల పేరు పేపర్లో వస్తే గొప్పగా చెప్పుకునేవాళ్ళం కదా, ఫలోదీ ముందు రెంటచింతల ఊటీ. పక్కనే ఖీచన్‌లో చలికాలం కుర్జా కొంగలు వేలల్లో వాలతాయట. మాకు ఖాళీ చెరువుగట్టే దక్కింది. ఆ ఒక్కటీ నీ డిసెంబర్ ప్లాన్‌కి అనుకూలంగా రాసుకో.

జైసల్మేర్ కోట 1156 నాటిది, లోపల ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. పసుపు రాయి, మందపాటి గోడలు, ఇరుకు సందులు. బయట నిప్పులు చెరుగుతుంటే సందులో నీడ. ఏడాదంతా కలిపితే 200 మిల్లీమీటర్ల వాన పడే చోటు, మనకది ఒక్క తుఫానులో పడిపోతుంది. కడవల్తో నీళ్ళు మోసుకునే కాలంలో కట్టిన కోట కాబట్టి ఆ పునాదులకి తడి తెలీదు. ఇళ్ళకి కుళాయిలొచ్చాక వాడకం పెరిగింది, మురుగు పునాదుల్లోకి దిగింది, బురుజులు దెబ్బతిన్నాయి. శత్రువుల్ని అన్ని శతాబ్దాలు తట్టుకున్న కోటకి నీళ్ళు చేటయ్యాయంటే ఏమనాలి?

నువ్వు పక్కనుంటే బావుండనిపించింది మాత్రం మోహన్‌గఢ్ దగ్గర. ఇందిరాగాంధీ ప్రధాన కాలువ చిట్టచివర అక్కడే. పంజాబులో సట్లెజ్, బియాస్ కలిసే హరికే దగ్గర మొదలై, 649 కిలోమీటర్లు వచ్చి ఇసకలో ఆగింది. 1958లో మొదలుపెట్టారు, మన సాగర్‌కి 1955లో శంకుస్థాపన, రెండూ ఒక ఈడువే. ఒడ్డున టీకొట్టు దగ్గర ఓ పెద్దాయన్ని మా బావమరిది హిందీలో కదిపాడు. అదే గోడురా! పైవాళ్ళు వాడుకోగా మిగిలిందే మాకు, వంతు అర్ధరాత్రి వస్తుంది, వచ్చినా పూర్తిగా రాదు. రేపల్లె అవతల మీ నాన్నగారు లాంతరు పట్టుకుని బోదె దగ్గర కాపలా కాసేవారు చూడు, ఆయన మాటలే ఈయన మార్వాడీలో చెప్తున్నాడనిపించింది. మనకి ఎండల్లో కాలువలు కట్టేసినట్టే వాళ్ళకీ కట్టేస్తారు, మరమ్మతులకి. నహర్‌బందీ అంటారు. ఆ రోజులకని చేలల్లో డిగ్గీలు తవ్వుకుని నీళ్ళు నిలవేసుకుంటారు. ఇదంతా డిసెంబర్లో వెళ్ళేవాడికి ఎవడు చూపిస్తాడు?

తనోత్ అమ్మవారి గుడికి జైసల్మేర్ నుంచి నూట ఇరవై కిలోమీటర్లు. 1965 యుద్ధంలో పడి పేలని ఫిరంగి గుండ్లు అద్దాల పెట్టెలో ఉన్నాయి. పూజా, ప్రసాదమూ అన్నీ బీఎస్ఎఫ్ జవాన్లే చూస్తారు. సామ్ ఇసక తిన్నెలకి మాత్రం నా ఓటు లేదు. జీపుల మోత, ప్లాస్టిక్ సీసాలు. సీజన్ కాదు కాబట్టి గుడారాలు చాలావరకు ఎత్తేశారు, ఉన్న ఒంటెలవాళ్ళు మాత్రం వదల్లేదు. ఖూరీ వైపు తిన్నెలు నయం. పొద్దు గూకిన కాసేపటికే ఇసక చల్లబడిపోయింది. చిన్నది అందులో పడుకుని లేవనంది, ఇప్పటికీ దాని జడలో ఇసక రాలుతోందని మీ చెల్లెలు సణుగుతోంది. పెద్దాడికి బట్టమేక పిట్ట కనపడలేదని దిగులు. మన కర్నూలు వైపు రోళ్ళపాడులో కూడా ఉండేదని చెప్తే, అయితే అక్కడికి తీసుకెళ్ళమని కూర్చున్నాడు. దేశం మొత్తం మీద ఇప్పుడు బాగా కొద్దిగానే మిగిలాయని వాడికి ఎలా చెప్పను?

నువ్వు డిసెంబరే అంటే నీ ఇష్టం, కానీ గదుల రేట్లు ముందే కనుక్కో. మేలో అయితే బేరమాడే పనే లేదు, వాళ్ళే తగ్గిస్తారు. మా వాడికి బదిలీ వచ్చేలా ఉంది, వెళ్ళేదుంటే ఆ లోపే. చెల్లాయిని అడిగి రాయి.

ఎండు సంగ్రీ ఓ పొట్లం కొరియర్లో వేస్తున్నాను. రాత్రంతా నానేసి, ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి తాలింపెయ్యాలి. వాళ్ళు ఎండు మామిడి పొడి వేస్తారు, అమ్మ చింతపండు గుజ్జేసింది. అలాగే చెయ్యమని చెల్లాయికి చెప్పు.

నీ
శీను