మా నూతిని కాపాడిన శానిటరీ ఇన్‌స్పెక్టరు గారికి కృతజ్ఞతలు

1963 వేసవిలో గుంటూరు బ్రాడీపేటలోని మా వీధికి సైకిలు మీద వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరు గారి పేరు మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. ఆ లోటును ఈ నాలుగు మాటలతోనైనా తీర్చుకోవాలని ఉంది.

పక్క వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని తెలిసిన మరునాడే ఆయన వచ్చి, మా నూతి లోతును, వెడల్పును తాడుతో కొలిచి, నీటికి తగినంత బ్లీచింగు పౌడరును బకెట్టులో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగేదాకా ఓపికగా కూర్చుని, పైన తేరిన నీటిని మాత్రమే వేరొక బకెట్టులోకి వంచి, దానిని నూతిలోకి దించి పైకీ కిందికీ ఆడించారు. గంటసేపు ఎవ్వరూ చేద వేయవద్దని చెప్పి, తానే గట్టు మీద కాపలా కూర్చున్నారు. మందు వాసనకు నీళ్లు మైలపడ్డాయని మా నాయనమ్మ కోపగించుకుంటే, "అమ్మా, ముందు నేనే తాగుతాను" అని దోసిలి పట్టారు. ఎంత మర్యాద అది!

మశూచికం నిర్మూలన కార్యక్రమం దేశంలో 1962లో మొదలైంది. టీకాలు వేసేవారిని మా ఇంటికి వెంటబెట్టుకొని వచ్చినదీ ఆయనే. అమ్మవారికి కోపం వస్తుందని భయపడిన నాయనమ్మ, ఆయన మాట మీదనే నన్ను ముందుకు పంపింది.

అయ్యా, ఆ మచ్చ నా ఎడమ చేతి మీద ఇప్పటికీ ఉంది. మీకూ, మీ కుటుంబానికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.