పైగా వంశం సమాధులకు దారి చూపిన అమ్మకు

అమ్మా, ఉగాదికి ముందు ఆదివారం హైదరాబాద్ పిసల్‌బండ గల్లీల్లో దారి తప్పి మీ ముందు నిలబడ్డది నేనే. ఫోన్‌లో మ్యాప్ తిప్పిన చోటే తిప్పుతోంది, నీళ్ల సీసా ఖాళీ, నిజంగా టెన్షన్ వచ్చేసింది. మీరు గోనెసంచి మీద మామిడికాయలు, వేపపూత పెట్టుకుని కూర్చున్నారు. "ఫోన్ చూసుకుంట పోతే దొరకదు బిడ్డా, నాతోని రా" అని, బేరం పక్కామెకు అప్పజెప్పి గేటు దాకా వచ్చారు. అంతకుముందు చెంబుతో నీళ్లిచ్చారు. మీ వేళ్ల నుంచి అంటిందేమో, ఆ చెంబుకీ వేపపూత వాసనే.

లోపల గంటన్నర ఉన్నాను. నిజాంల కొలువులో పెద్ద ప్రభువులైన పైగా వంశం వాళ్ల సమాధులవి. గచ్చుపని, జాలీలు ఎంత సన్నగా చెక్కారంటే, వాటిలోంచి ఎండ పడి నేలమీద చుక్కల ముగ్గు పెట్టినట్టుంది, నేను కదిలితే అది నా చేతుల మీదకీ వచ్చింది. చార్మినార్ చాలాసార్లు చూశాను గానీ, ఇంత దగ్గర్లో ఇంత నిశ్శబ్దమైన చోటు ఉందని తెలియదు.

తిరిగొచ్చేసరికి మీ సరుకు అయిపోయి వెళ్లిపోయారు. పేరు కూడా అడగలేదు. చాలా థ్యాంక్స్ అమ్మా. మా ఇంట్లో ఉగాది పచ్చడి చేస్తున్నప్పుడు మీరే గుర్తొచ్చారు.