సగం సంపు అడిగితే ఎనిమిదో వంతు వచ్చింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మా పాత ఇంట్లో సంపు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు. నిండితే ఎనిమిది వేల లీటర్ల పైమాటే. ఇప్పుడు హనుమకొండలో చిన్న ఇల్లు కట్టుకుంటూ, ఉండేది నలుగురమే కదా, అందులో సగం చాలు మేస్త్రీ అన్నాను. ఆయన అన్ని కొలతలూ సగం చేసి 4, 3, 3 అని ముగ్గు పోశాడు. పక్కనే నిలబడి సరే అన్నది నేనే, అందుకే తప్పంతా ఆయన మీద వేయను. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. రెండో రోజు పొద్దునకే మోటారు గాలి పీల్చడం మొదలుపెట్టాక టేపు తీసి లెక్క వేస్తే, పాతది 288 ఘనపుటడుగులు, కొత్తది 36. వెయ్యి లీటర్లు దాటి ఓ బకెట్ ఎక్కువ, అంతే.

పొడవు సగం, వెడల్పు సగం, లోతు సగం. సగంలో సగం, అందులో మళ్లీ సగం. లోతు ఒక్కటే 3 అడుగులు చేసి ఉంటే సరిగ్గా సరిపోయేది! అచ్చం అదే ఆకారం కావాలంటే 8 అడుగుల పొడవును 6 అడుగుల 4 అంగుళాలకు, మిగతా రెండింటినీ 4 అడుగుల 9 అంగుళాలకు తగ్గిస్తే చాలు. చూసినవాళ్లెవరూ దాన్ని సగం అనరు.

ప్లాస్టరింగ్ సంగతి ఇంకో రకం. పాతదాని లోపలి గోడలు, అడుగు కలిపి 216 చదరపుటడుగులు, దీనికి 54. అంటే నీళ్లు ఎనిమిదో వంతుకు పడిపోతే సిమెంటు పని నాలుగో వంతు దగ్గరే ఆగింది, లీటరుకు రెండింతల గోడ కట్టించానన్నమాట. (చిన్న గ్లాసులో చాయ్ గబుక్కున చల్లారేదీ ఇందుకే.)

జాగల దగ్గరా ఇదే తంతు. గుంట అంటే 33 అడుగుల చదరం, 121 గజాలు. అన్ని వైపులా 66 అడుగులు చేస్తే నాలుగు గుంటలు. పదో తరగతి చదివే మా బిడ్డకు సరూప త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి అనురూప భుజాల నిష్పత్తి వర్గానికి సమానమన్న సిద్ధాంతం నిరూపణతో సహా కంఠతా వచ్చు. కానీ 30 బై 40 ప్లాటు 133 గజాలైతే 60 బై 80 ఎంత బిడ్డా అంటే టక్కున 266 అంది. 533 అంటే నమ్మలేదు, కాగితం మీద గీసి నాలుగు గళ్లు లెక్కపెట్టుకున్నాకే ఒప్పుకుంది.

పరీక్షల ముందు మీ చదువుల పేజీలో మోడల్ పేపర్లు బాగానే వేస్తున్నారు. వాటి పక్కన వారానికి ఒక్కటైనా ఇలాంటి లెక్క వేయండి. మొదటిది వడ్ల కుప్పతో పెడితే మా పల్లెల పిల్లలకు వెంటనే తెలుస్తుంది. ఒకే వాలుతో పోసిన రెండు కుప్పల్లో ఒకదాని ఎత్తు రెండింతలుంటే వడ్లు ఎనిమిదింతలు, వానొస్తే దాని మీద కప్పే టార్పాలిన్ మాత్రం నాలుగింతలే.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ